హీరోగారితో అండాలు మేడం భోజనం

పూలగుత్తికి చుట్టే మెరుపు కాగితం నలిగితే గరగరమని ఒక చప్పుడు వస్తుంది. అది వింటే నాకు ఇప్పటికీ పళ్లు జివ్వుమంటాయి. మొన్న రాయదుర్గంలోని మా ఆఫీసు లాబీలో మళ్లీ అదే చప్పుడు. ఎవరో సినిమా ఆయన వచ్చి మహిళల భద్రత మీద మాట్లాడతాడట. ఆయనకు స్వాగతం చెప్పడానికి అమ్మాయిలకు పట్టుచీరలు కట్టించి రెండు వరుసల్లో నిలబెట్టారు. ఇంజనీరింగ్ చదివి, రాత్రింబగళ్లు కోడ్ రాసే పిల్లలు వాళ్లు. అబ్బాయిలకు పట్టుపంచెలు కట్టించి ఎందుకు నిలబెట్టలేదయ్యా అని బ్రాండింగ్ విభాగం కుర్రాణ్ణి అడిగాను. జోక్ వేశాననుకుని నవ్వాడు. నేను జోక్ వేయలేదు. ఆ గరగరలో నిలబడి ఉండగా నాకు అండాలు మేడం గుర్తొచ్చింది. ఆమె గురించి ఎవరూ ఎక్కడా రాయలేదు. ఆ సినిమా ఆయన గురించి రోజూ రాస్తారు. అందుకే నేను రాస్తున్నాను.

నేను ప్రొద్దుటూరు నుంచి వచ్చి మాదాపూర్‌లో మొదటి ఉద్యోగంలో చేరినప్పుడు ఆమె అక్కడ అడ్మిన్ మేనేజర్. కుర్చీల నుంచి కార్ల దాకా, క్యాంటీన్ నుంచి అతిథుల హోటల్ గదుల దాకా అన్నీ ఆమె చేతి మీదుగానే జరగాలి. శేరిలింగంపల్లి వైపు పల్లె వాళ్లది. మా లిఫ్ట్ ఉన్నచోట ఒకప్పుడు తన మేనమామ జొన్న వేసేవాడని చెప్పేది. బీకాం చదివి రిసెప్షన్‌లో చేరి అక్కడిదాకా ఎదిగింది. ముతక నూలుచీర, నుదుట పెద్ద బొట్టు, గట్టి గొంతు. ఒకసారి నేను జీతం పెంపు గురించి మా మేనేజర్ గదిలో నిలబడి వాదించి ఏడుస్తూ బయటికొచ్చాను. ఆమె చూసి పిలిచింది. "కొట్లాడు పిల్లా, వద్దంటలేను. కానీ కూసోని కొట్లాడు. నిలబడ్డోళ్లను పొమ్మనుడు సులువైతది," అంది. ఇన్నేళ్లలో నేను చదివిన మేనేజ్‌మెంట్ పుస్తకాల్లో దీనికి సాటివచ్చే ముక్క ఒక్కటీ దొరకలేదు.

అప్పట్లో నేనూ కిశోరూ కొండాపూర్‌లో ఒకే ఫ్లాట్‌లో ఉండేవాళ్లం. ఇద్దరం ఒకే కంపెనీ. పెళ్లి చేసుకుందామనే అనుకున్నాం, ఆఫీసులో అందరికీ తెలుసు, ఇంట్లో చెప్పలేదు, అంతే. మాది ఆధునిక ప్రేమ అని నాకు మహా గర్వంగా ఉండేది. కిరాయి పంచుకోవడంలో ఆధునికం, గిన్నెలు తోమడంలో సంప్రదాయం. మా టీమ్ లీడ్ లిఫ్ట్‌లో నాతో నవ్వుతూ మాట్లాడాడని వారమంతా నాతో మాట్లాడకుండా ఉన్న మనిషి కిశోర్. అది ప్రేమ అనుకున్నాను. అలా అనుకోమనే కదా మన హీరోలు మనకు నేర్పింది. వెంటపడితే ప్రేమ, అనుమానిస్తే ఇంకా ప్రేమ.

ఆ ఏడాది మా కంపెనీ వార్షికోత్సవానికి ఒక పెద్ద హీరో ముఖ్య అతిథి. వ్యాఖ్యానం చెప్పే పని నాది. ముందుగా ఆయన ఒక పూట ఆఫీసుకొచ్చి, నేను పూలగుత్తి ఇచ్చి స్వాగతం చెబితే విని, ఫొటోలు దిగి వెళ్లాడు. మర్నాడు బ్రాండింగ్ అధిపతి వినోద్ సార్ నన్ను పిలిచి, హీరోగారికి నా తెలుగు బాగా నచ్చిందనీ, స్క్రిప్ట్ గురించి మాట్లాడటానికి రేపు మధ్యాహ్నం హోటల్‌కు భోజనానికి రమ్మన్నారనీ చెప్పాడు. హోటల్‌లో ఎక్కడ అంటే, ఆయన సూట్‌లోనే అన్నాడు. ఇంకెవరొస్తున్నారు అంటే, స్క్రిప్ట్ నీదే కదా అన్నాడు.

ఇంటికెళ్లి కిశోర్‌కు చెప్పాను. వద్దంటాడని, గొడవ చేస్తాడని అనుకున్నాను. అతని కళ్లు వెలిగాయి. అతనప్పుడు సొంతంగా ఒక యాప్ కంపెనీ పెట్టే ప్రయత్నంలో ఉన్నాడు.

"అంత పేరున్నవాడు పిచ్చిపనులు చేస్తాడా? నువ్వు మరీ ఊరిదానిలా ఆలోచించకు. వీలు చూసుకుని నా యాప్ గురించి ఒక మాట వెయ్యి. కావాలంటే నేనే దిగబెడతాను," అన్నాడు.

లిఫ్ట్‌లో నవ్వుకు వారం మౌనం. హోటల్ గదికి మాత్రం తానే స్వయంగా దింపుతాడు. మగవాడి అనుమానం కూడా ఎదుటివాడి హోదా చూసి మోకాళ్లు వంచుతుందని ఆ సాయంత్రం నాకు తెలిసింది. మర్నాడు పొద్దున్నే వినోద్ సార్ నా సీటు దగ్గరికొచ్చి, "కిశోర్‌తో మాట్లాడాను, అభ్యంతరం లేదన్నాడు. కారుకి చెప్పేయ్," అని వెళ్లిపోయాడు. కిశోర్‌కు అభ్యంతరం లేదట. వెళ్లేది కిశోర్ కాదు కదా.

కారు కోసం అండాలు మేడం దగ్గరికి వెళ్లాను. ఎవరికి, ఎక్కడికి అని అడిగింది. చెప్పాను. ఆమె పెన్ను కింద పెట్టింది.

"నీకు పోవాల్నని ఉందా?"

వినోద్ సార్ చెప్పారనీ, స్క్రిప్ట్ పని అనీ, కిశోర్ కూడా వెళ్లమన్నాడనీ ఏదేదో చెప్పాను.

"వాళ్ల ముచ్చట వదిలెయ్. నీకు పోవాల్నని ఉందా అని అడుగుతున్న. ఉంటే చెప్పు, మంచి కారే పంపుత. నేనేం అనుకోను."

లేదు మేడం అన్నాను.

"పిలిచినోడు నిన్ను అడగలే, పంపెటోడు అడగలే, నీ పిలగాడు అడగలే. ముగ్గురు మొగోళ్లు కలిసి నీ భోజనం ఖాయం చేసిండ్రు," అంది. తర్వాత కుర్చీ వెనక్కి జరిపి చేతిసంచి అందుకుంది. కారెట్లాగూ బుక్కయింది, నాక్కూడా ఆకలైతుంది అంటూ లేచింది. నన్ను కూడా కార్లో కూర్చోబెట్టుకుంది కానీ హోటల్ ముందు దిగనివ్వలేదు. నేనూ డ్రైవరూ పార్కింగ్‌లో కూర్చున్నాం. ఆమె ఒక్కతే ఆ అద్దాల తలుపుల్లోంచి లోపలికి వెళ్లింది.

గంట దాటాక వచ్చింది. దారిలో జరిగింది చెప్పింది. తలుపు తీసిన మేనేజర్ మీరెవరంటే, కంపెనీ నుంచి భోజనానికి వచ్చానని చెప్పి నేరుగా వెళ్లి సోఫాలో కూర్చుందట. సెంటు ఘుమఘుమలతో హీరోగారు లోపలి గదిలోంచి వచ్చాడట.

"నన్ను జూసి, నా వెనక ఇంకెవరన్న ఉన్నరా అని తొంగి చూసిండు. ఎవరు లేరు సార్, నేనే అన్న. షుగర్ ఉంది, జర పుల్కాలు చెప్పుండ్రి అన్న. స్క్రిప్టు కోసమని పిలిచిండు గద, అంత ఇడమర్చి చెప్పిన. ఫంక్షన్ నాడు కారు యాడ ఆగుతది, స్టేజీ మెట్లు యాడున్నయి, బాత్‌రూం ఎటు దిక్కు. పాపం, ఆయనకు బుక్క దిగలే."

డ్రైవర్ స్టీరింగ్ మీద తల ఆనించి నవ్వాడు. నేనూ కడుపు పట్టుకుని నవ్వాను. ఆమె మాత్రం నవ్వలేదు. మైండ్‌స్పేస్ మలుపు దాటేలోపు సంచిలోని నీళ్ల సీసా మొత్తం తాగేసింది.

వార్షికోత్సవానికి హీరోగారు రాలేదు, జ్వరమట. ఆ జ్వరం మూల్యం అండాలు మేడం చెల్లించింది. కంపెనీ పరువు తీసిందన్నారు. ఆమెను బాచుపల్లిలోని శిక్షణ కేంద్రానికి పంపేశారు. అక్కడ హాస్టల్ మంచాలు, నీళ్ల ట్యాంకర్లు చూసుకునే పని. జరగాల్సిన ప్రమోషన్ జరగలేదు. ఆఫీసులో కుర్రాళ్లు ఆమె హీరోతో డేటింగ్‌కు వెళ్లిందని జోకులు వేసుకున్నారు. మా టీమ్‌లోనే ఒకావిడ, అలాంటివాడు పిలవడమే అదృష్టం, మిమ్మల్నేమన్నా కొరుక్కుతింటాడా అంది. వినోద్ సార్‌ను మాత్రం ఎవరూ ఏమీ అనలేదు, మరుసటి ఏడాది పదోన్నతి కూడా వచ్చింది. ఆ హీరో పెళ్లిరోజు వీడియోలు ఇప్పటికీ నా ఫోన్‌లోకి వస్తుంటాయి. భార్య పాదాలకు పట్టీలు పెడుతుంటాడు. భర్త అంటే ఇలా ఉండాలని కింద వేలమంది రాస్తారు. నాకు ఫోన్ విసిరికొట్టాలనిపిస్తుంది.

కిశోర్ ఆ సాయంత్రం అడిగిన మొదటి మాట, ఇప్పుడు నా యాప్ సంగతి ఆయనకు ఎవరు చెబుతారని. అతను నన్ను ప్రేమించలేదని నేననను. ప్రేమించాడు. కాకపోతే ఆ ప్రేమ తనకు నా తరఫున ఒప్పుకునే హక్కు ఇచ్చిందనుకున్నాడు. ఆ వారంలోనే నా సామాను తీసుకుని హాస్టల్‌కు మారిపోయాను.

తర్వాత ఒక ఆదివారం బాచుపల్లి వెళ్లాను. పరుపులు పేర్చిన స్టోర్ గది పక్కన ఆమె బల్ల. నా వల్లే మీకిలా అయిందని ఏడ్చాను. చాయ్ తెప్పించి, నేను ముక్కు తుడుచుకునేదాకా ఆగి అప్పుడు మాట్లాడింది.

"నీ కోసం పోయిన అనుకుంటున్నవా? నీకంటె ముందు ఇంకో పిల్ల ఉండె. ఇట్లనే డిన్నరన్నరు. కారు నేనే పంపిన. నీకు పోవాల్నని ఉందా అని అడగలే. ఆ పిల్ల మళ్ల ఆఫీసుకు రాలే. ఎందుకు రాలేదని గూడ నేను అడగలే," అని కిటికీ వైపు తిరిగింది. "కార్లు పంపుడే నా పని అనుకున్న."

చాయ్ చల్లారిపోయింది. ఆ గదిలో కూర్చున్నప్పుడు నాకొచ్చిన కోపం ఈరోజుకీ తగ్గలేదు. ఒక అమ్మాయిని గదికి పంపడానికి దుర్మార్గులు చాలరు. కారు పంపేవాళ్లు, భోజనం చెప్పేవాళ్లు, ఫైలు కదిపేవాళ్లు, మంచివాళ్లందరూ తమ పని తాము చక్కగా చేసుకుపోవాలి.

ఇప్పుడు నేనూ అడ్మిన్‌లోనే ఉన్నాను, కావాలనే వచ్చాను. ఆఫీసులో నా పేరు గయ్యాళి. మొన్న ఆ మహిళా భద్రత ఉపన్యాసం అయిపోయాక బ్రాండింగ్ వాళ్లు కారడిగారు. ఆయనగారు ఒక అమ్మాయిని టీకి రమ్మన్నాడట, హోటల్‌కు. ఆమెకు ఓకే అన్నారు. ఓకే అయితే ఆమెనే వచ్చి చెప్పమన్నాను.

అమ్మాయి ఇంకా ఆ పట్టుచీరలోనే వచ్చింది. కూర్చోమన్నాను. నీకు వెళ్లాలని ఉందా అని అడిగాను. ఉంది మేడం, వెళ్తాను అంది. నా నాలుక దురద పెట్టింది. పది మాటలు నోటిదాకా వచ్చాయి. మింగేశాను. ఉంటే కారు పంపుతానని అండాలు మేడం అన్నది ఉత్తమాట కాదు కదా. ఫోన్ అందుకున్నాను.

అమ్మాయి తలుపు దాకా వెళ్లి ఆగింది.

"మేడం, నేను వద్దని ఉంటే నిజంగానే కారు ఆపేసేవాళ్లా?"

"ఆపేసేదాన్ని."

"మరి వాళ్లు మిమ్మల్ని ఏమీ అనరా?"

"అంటారు. అది నేను చూసుకుంటా."

ఆమె వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చుంది.

"అయితే నాకు వెళ్లాలని లేదు మేడం," అంది.