రెండు కోట్ల పది లక్షల ముప్పై రెండు వేల పదమూడు

నిన్న సాయంత్రం మా మేనకోడలు లెక్కల పుస్తకం పట్టుకొచ్చి నా ఎదుట కూలబడింది. బళ్లో భాజనీయతా సూత్రాలు చెప్పారట. "మామా, టీచరమ్మమ్మ నా నంబర్ దేనితోని పోదన్నదట కదా? మూడుతోని పోతాంది చూడు" అంది. 21032013. అంకెలన్నీ కూడితే పన్నెండు. పన్నెండు మూడుతో పోతుంది కాబట్టి ఆ సంఖ్యా పోతుంది. వంటింట్లో ఉన్న మా చెల్లెలికి, అంటే దాని తల్లికి, ఎక్కడ వినబడుతుందోనని గొంతు తగ్గించమని సైగ చేశాను.

టీచరమ్మమ్మ అంటే మా మేనత్త. కాజీపేట రైల్వే క్వార్టర్స్ పిల్లలకు లెక్కలూ, ఆదివారం బడిలో పది ఆజ్ఞలూ కంఠతా పట్టించిన మనిషి. మేం క్రైస్తవులం, జాతకాలు చూపించుకోం. ఆ లోటు ఆమె తీర్చేది. ఇంట్లో బిడ్డ పుడితే, పాస్టరుగారి ప్రార్థన అయ్యాక, పుట్టిన తేదీ, నెల, సంవత్సరం వరసగా రాసి, ఆ ఎనిమిదంకెల సంఖ్యకు కారణాంకాలు కట్టి వినిపించేది. మేం చెవులు రిక్కించి వినేవాళ్లం. నాది సరిసంఖ్య. "రెండుతోనే ఇరిగింది, వీడు మెత్తనోడు" అని తేల్చేసింది. ఆ మాట మా ఇంట్లో ఇప్పటికీ చెల్లుతోంది. దేనితోనూ పోని ప్రధాన సంఖ్య వస్తే మాత్రం ఆమె మొహం వెలిగిపోయేది. లెక్క దగ్గర ఎవరి మొహమూ చూసేది కాదు. సొంత అన్న కూతురని కూడా చూడకుండా మా చెల్లెలికి అర మార్కు కోసి ఏడిపించింది.

ఈ పిల్ల ఏడో నెలలోనే పుట్టింది. హన్మకొండ దవాఖానలో, అద్దాల పెట్టెలో, గుప్పెడంత. డాక్టరు ఏ భరోసా ఇవ్వలేదు. చెల్లెలు ఆ పెట్టె దగ్గర నుంచి కదల్లేదు, ఏడవనూ లేదు. అది చూసే మాకు భయమేసింది. అత్త వచ్చి పక్కన నిలబడి కాసేపు పెదవులు కదిపింది. ప్రార్థనో, లెక్కో తెలియలేదు. "గిది ఇరగదు బిడ్డా. దేనితోని పోదు. నువ్వు ఫికర్ చెయ్యకు" అంది. అప్పుడు చెల్లెలు ఆమె భుజం మీద తలపెట్టి ఏడ్చింది. పిల్ల బతికింది. అత్త చెప్పిన లెక్కను సరిచూసే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది. పోయినేడు ఆమె కాలం చేసింది.

చెల్లెలు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అంతా వినే ఉంది.

"నాకు గా దినమే తెల్సు అన్నా. ఆమె చెప్తాంటనే కూడి చూసిన. అత్తమ్మనే లెక్క తప్పు చెప్పిందంటే ఎంత భయపడ్డదో సమజైంది. నమ్మకపోతే ఆమె ఆడనే కూలబడుతుండె. అందుకే నమ్మినట్టు తలూపిన."

పిల్ల మాత్రం మా ఇద్దరినీ పట్టించుకోకుండా, మూడుతో భాగించగా వచ్చిన డెబ్భై లక్షల పదివేల ఆరువందల డెబ్భై ఒకటిని ఇంకా దేనితో విరగ్గొట్టవచ్చా అని పెన్సిలు కొరుకుతూ కూర్చుంది. తన సంఖ్యను తానే విరగ్గొట్టుకునేంత పెద్దదైంది. ఆ రోజు ఆ అద్దాల పెట్టె ముందు నిలబడి మేం దేవుణ్ణి అడుక్కున్నది ఇదే.