ఆ బండ ఇచ్చింది నేనే

అయిదేళ్ళుగా నేను ఒక అబద్ధం మీద వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాను. బరువు బయటికి కనపడనివ్వలేదు. మా ఇంట్లో పుట్టినవాడికి అది కష్టమైన విద్య కాదు. పొలాలు పోయినప్పుడు కనపడనివ్వలేదు. పదవి పోయినప్పుడు కనపడనివ్వలేదు. కానీ అవి నా నుంచి ఇతరులు తీసుకున్నవి. ఇది నేను ఇంకొకడి నుంచి తీసుకున్నది. ఆ రెండు బరువులూ ఒకటి కావని తెలుసుకోవడానికి నాకు ఇంతకాలం పట్టింది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళయితే మధ్యలోనే చెయ్యి పట్టుకుని, పోనీలెండి, అయిపోయిందిగా అంటారు. ఆ మాట నాకు వద్దు. ఊరి పేరు, నా పేరు రాయడం లేదు. గురజాలకూ మాచర్లకూ మధ్య ఎవరు చదివినా పది వాక్యాల్లో నన్ను పోల్చుకుంటారు. దానికి నేను సిద్ధపడే కూర్చున్నాను.

మా తాతగారు మునసబు. తరువాత నాన్నగారు. తరువాత నేను. మా పొలం చెక్కలు చెక్కలుగా కోర్టుల పాలయినా ఆ పదవి ఒకటి మిగిలింది. ఎనభై నాలుగు మొదట్లో ప్రభుత్వం రాష్ట్రమంతటా మునసబు, కరణాల ఉద్యోగాలు రద్దు చేసింది. రేడియోలో విన్నాను. భోజనం మధ్యలో ఉన్నాను. భోజనం పూర్తి చేసే లేచాను.

ఇక మాకు మిగిలింది ఒక బండ. మా ఊరి తిరునాళ్ళకు ఎడ్ల పందెం జరుగుతుంది. కాడికి గొలుసు కట్టి, ఇచ్చిన సమయంలో ఏ జత బండను ఎక్కువ దూరం లాగితే ఆ జతది గెలుపు. ఆ బండ మా తాతగారు కొట్టించింది. పందెం నియమం కూడా ఆయన పెట్టిందే. ఎవరైనా రావచ్చు. ఒక కొబ్బరికాయ తెచ్చి యజమాని పేరు చెబితే జత బరిలోకి దిగినట్టే. మిల్లు ఆసామి ఎద్దులైనా, పొద్దున దున్ని మధ్యాహ్నం వచ్చిన ఎద్దులైనా కాయ ఒక్కటే. మొదటి కాయ బండ మీద కొట్టే హక్కు మాది. పల్నాడులో ఎన్ని పందేలున్నా మా బండ మీద లాగిన దూరమే దూరం. ఇంకోచోట గెలిచి వచ్చినవాణ్ణి, అది సరే, ఆ రాయి మీద ఎంత లాగాయి అని అడుగుతారు.

ఆ పందానికి వెల్దుర్తి నుంచి, అచ్చంపేట నుంచి, వినుకొండ అవతల నుంచి జనం సద్దిమూటలతో వచ్చేవాళ్ళు. సొంతానికి ఒక గొడ్డు లేనివాడికి కూడా ఒక జత ఉండేది, తనదని చెప్పుకోవడానికి. ఆ ఎద్దుల తల్లి ఏ ఊరిదో చెప్పేవాడు. అవి ఓడితే ఆ పూట తినేవాడు కాదు. వాళ్ళందరికీ మైకులో పందెం చెప్పేది మస్తాను. గురజాలలో మైకు సెట్ల దుకాణం అతనిది. వెనక వరసలో పిల్లను భుజాన ఎక్కించుకుని ఏమీ కనపడక నిలబడ్డవాడికి మస్తాను గొంతులోనే ఎద్దు గిట్ట దిగబడేది, గొలుసు బిగిసేది. ఏ ఎద్దును అతను తక్కువ చేసి చెప్పగా నేను వినలేదు. చివర వచ్చిన జతను కూడా, వచ్చే ఏడు చూస్కోండి వీటి సంగతి, అని సాగనంపేవాడు.

బండ ఊరు దాటడానికి ముందు ఏడు వెల్దుర్తి వైపు కోటయ్య అనే రైతు దుక్కి ఎద్దులు సారా కంట్రాక్టరు జతను ఓడించాయి. కంట్రాక్టరు ఎద్దులు బాదంపప్పు తిని, ఫాను కింద పడుకునేవి. జనం ఆ రోజు నవ్విన నవ్వు ఆయన మరిచిపోలేదు. మిగతా పెద్దవాళ్ళూ మరిచిపోలేదు. సున్నపు బట్టీల ఆసామి, పత్తి మిల్లు ఆసామి, నాపరాళ్ళ గనుల వాళ్ళు అందరూ ఒకటయ్యారు. తిరునాళ్ళ పందెం వదిలేసి, నరసరావుపేట రోడ్డు పక్కన చుట్టూ కంచె వేసి టిక్కెట్టు పెట్టి తమ పందెం తాము జరుపుకుంటారట. ఎప్పటికీ తమ ఎనిమిది జతలే. ఓడినా వచ్చే ఏడు వాళ్ళే. కొత్తవాడికి దారి లేదు. దుక్కి ఎద్దుకు అసలే లేదు.

ఆ వారంలోనే తిరునాళ్ళ కమిటీ కూర్చుంది. మాటలయ్యాక నేను వరండాలో చెప్పులు వేసుకుంటున్నాను. లోపల కమిటీలో ఒకడు, బస్సుల ఆసామి కొడుకు, అన్నాడు. "మునసబుగిరీనే పాయె. ఇంకా మొదటి కాయ ఆయన చేతనే కొట్టించాలా ఏంది?" నవ్వులు కూడా వినపడ్డాయి. ఎవరెవరివో గొంతులు గుర్తుపట్టాను. చెప్పులు వేసుకుని నడిచి వచ్చాను.

మూడో రోజు సున్నపు బట్టీల ఆసామి కారులో మా ఇంటికి వచ్చాడు. నేను చెప్పేదాకా కూర్చోలేదు. మునసబు గారూ అన్నాడు. ఉద్యోగం పోయాక ఆ మాటను అంత నిండుగా అన్నది ఆయనొక్కడే. తాతగారి పేరుతో గేటు కట్టిస్తాం, మొదటి కాయ మీది, మీ తరువాత మీ అబ్బాయిది, బండ మాత్రం మాకివ్వండి అన్నాడు. ఆ బండ లేకపోతే వాళ్ళ పందెం తమాషా. బండ పోతే మా ఊరి పందెమే లేదు. ఆయన నా దగ్గర ఏదీ దాచలేదు. ఎనిమిది జతల సంగతి కూడా చెప్పాడు. నేను రూపాయి అడగలేదు. తీసుకెళ్ళండి అన్నాను. అంతే.

తప్పు అనిపించలేదా? అనిపించింది. తాతగారి పేరు గేటు మీద చూసుకోవడం కోసం తాతగారి నియమాన్ని నేనే తెంపుతున్నానని ఆ క్షణానే తెలుసు. తెలియక చేశాను అని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

ఊరంతా మిరప కోతల్లో ఉన్న మధ్యాహ్నం లారీ వచ్చి బండను ఎక్కించుకుపోయింది. సాయంత్రానికి ఊరు ఉడికిపోయింది. ఎద్దుల కోసం జనం అంత మండిపడతారని నేను అనుకోలేదు. ఎద్దుల కోసం కాదని తరువాత అర్థమైంది. ఏడాదికొక్కసారి తామూ గెలవగల చోటు ఒకటుండేది. దానికి గేటు వేశారు. పెద్దల పందానికి ముందు రోజు కమిటీ వాళ్ళు నా దగ్గరికొచ్చారు. బస్సుల ఆసామి కొడుకు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బండ ఎవరు ఇచ్చారో మీకేమైనా తెలుసా అని అడిగారు. తెలియదు అన్నాను. రేపు జనమంతా ఆ కంచె దగ్గరికి పోతున్నాం, మీ తాత రాయి గనక మీరే ముందుండాలి అన్నారు. ఉంటాను అన్నాను.

ఎలా అనగలిగాను? భయపడి కాదు. భయపడినా దానికొక మన్నింపు ఉండేదేమో. నన్ను చూసి నవ్విన గొంతులు నన్ను బతిమాలుతున్నాయి. నాకు అది బాగుంది. అంతకంటే పెద్ద కారణం వెతికాను. దొరకలేదు.

ఆ సాయంత్రమే మస్తాను వచ్చాడు. లోపలికి రమ్మన్నా గుమ్మం దగ్గరే ఆగాడు.

"మునసబు గారూ, బండ ఎత్తినరోజు ఆ లారీలో నేనూ ఎక్కా. ఆంప్లిఫయరు బాగు చేయించాలని రోడ్డు దాకా లిఫ్టు అడిగా. అది చూసినోళ్ళు నేనే దగ్గరుండి ఎత్తించానంటున్నారు."

"అయితే?"

"ఎవరిమ్మన్నారయ్యా అని డ్రైవర్ని అడిగా. మీ పేరు చెప్పాడు. నేను నమ్మలా."

 అతను కాసేపు ఆగాడు. నేనేదైనా అంటానని ఆగాడని ఇప్పుడు అనుకుంటాను.

"రేపు మైకులో ఒక్క మాట చెప్పండి. మస్తాను కాదు అని. చాలు. మీరు చెప్తే ఇంకోడు నోరెత్తడు."

"తప్పు చేయనివాడు పూచీ అడగడు మస్తానూ."

ఆ మాట నా నోటి నుంచి చాలా తేలిగ్గా వచ్చింది. మునసబుగా ఎందరితోనో అన్నదే. మస్తాను తల పంకించాడు.

"సరే అయ్యా. డ్రైవరు చెప్పిన పేరు మాత్రం నేను ఎవరికీ చెప్పలా. చెప్పను కూడా."

మెట్లు దిగి వెళ్ళాడు. ఆ చివరి మాటతో అతను నాకొక అవకాశం ఇచ్చాడు. నేను దాన్ని నాకు దొరికిన భద్రత అనుకున్నాను.

మర్నాడు కంచె దగ్గర జనం టిక్కెట్లు కొనలేదు. కంపలు పక్కకు లాగి, బండ లాగే దారిలో బారుగా కూర్చున్నారు. ఆడవాళ్ళు పిల్లలతో సహా కూర్చున్నారు. కోటయ్య తన దుక్కి ఎద్దుల్ని తోలుకొచ్చి గేటుకే కట్టేశాడు. పత్తి మిల్లు ఆసామి వచ్చి, మా ఎద్దులు, మా ఖర్చు, మీకేం సంబంధం అని అడిగాడు. కోటయ్య లేవకుండానే అన్నాడు. "ఓడిపోతావని భయమైతే ఎద్దుల్ని ఇంట్లోనే కట్టేసుకో సామీ. మా మొహాన గేటెందుకు ఏస్తన్నావ్?" చుట్టూ నవ్వులు లేచాయి. ఆ తరువాత జరిగింది ఎవరూ ఊహించలేదు. పెద్దల ఎద్దుల్ని తోలేవాళ్ళు కూడా మా ఊళ్ళ పిల్లలే. మా వాళ్ళ మీదుగా మేం తోలం అని చెప్పి ఒక్కొక్కరే కాడి విప్పారు. ముందు సారా కంట్రాక్టరు జత ఇంటిదారి పట్టింది. పొద్దు వాలేసరికి మైదానంలో బండ ఒక్కటే మిగిలింది.

జనం నా చేతికి మైకు ఇచ్చారు. ఇస్త్రీ పంచె, కండువాతో నిలబడి చెప్పాను. "మా తాతగారి బండను దొంగల్లా ఎత్తుకుపోయారు. మనలోనే ఒకడు వాళ్ళకు దారి చూపాడు."

ఎవరి పేరూ చెప్పలేదు. చెప్పక్కర్లేదని తెలుసు. వందల తలలు మస్తాను వైపు తిరిగాయి. అతను తన మైకు లేకుండా, అందరిలో ఒకడిగా వచ్చి ఓ పక్కన నిలబడి ఉన్నాడు. అతను జనం వైపు చూడలేదు. నా వైపు చూశాడు. కోపంగా కాదు. ఒక జత బరి మధ్యలో చతికిలబడితే మైకు దించి చూసేవాడే, అలా చూశాడు.

సున్నపు బట్టీల ఆసామి నిజం చెప్పలేదు. ఆ రోజు చెప్పినా ఆయన మాట నమ్మేవాళ్ళు లేరు. తరువాత ఆయనకు ఆ అవసరం లేకపోయింది.

బండ తిరిగి వచ్చింది. కోటయ్య ఎద్దులు ఆ ఏడు మూడో స్థానంలో నిలిచాయి. గెలిచినట్టే ఊరేగించారు. మొదటి కాయ రెండు చేతులతో నాకు అందించారు, ప్రతి ఏడూ అందిస్తున్నారు. పందెం చెప్పడానికి పక్క తాలూకా నుంచి ఎవరినో పిలుస్తున్నారు. అతను బాగానే చెబుతాడు. చివర వచ్చిన జత గురించి మాత్రం ఏమీ అనడు.

మస్తాను గురజాల దుకాణం ఎత్తేసి వినుకొండ వెళ్ళిపోయాడు. పెళ్ళిళ్ళకు మైకు సెట్లు కడుతున్నాడట. కడతాడు, సరిచూస్తాడు, ఇంకొకరి చేతికిచ్చి పక్కకు తప్పుకుంటాడు. మైకులో ఒక్క మాట మాట్లాడడని మా ఊరివాడొకడు వచ్చి చెప్పాడు. దొంగకు సిగ్గుండాలిగా అని కూడా అన్నాడు. నేను వింటూ ఊరుకున్నాను. అది కూడా లెక్కలో రాసుకోండి.

అతని దగ్గరికి వెళ్ళి మన్నించమని అడగాలా? చాలాసార్లు ఆలోచించాను. అడిగితే మళ్ళీ అతనికే ఒక పని అప్పగించినట్టు. నా పేరు కాపాడే పని ఇప్పటికే అయిదేళ్ళుగా చేస్తున్నాడు. ఇంకో పని చెప్పే హక్కు నాకు లేదు. నేను చేయగలిగిందల్లా నిజాన్ని అచ్చులో పెట్టడం. మస్తాను బండ ఇవ్వలేదు. దారి చూపలేదు. ఇచ్చింది నేను, నా నోటితో, నా ఇంట్లో కూర్చుని. తెలిసే మస్తాను మీదికి నెట్టాను.

రాసేశాను.  ఛాతీలో అయిదేళ్ళుగా బిగించి ఉన్నదేదో సడలిన మాట నిజం. దాన్ని మంచితనం అనుకునేంత వెర్రివాణ్ణి కాదు. నేను వీధిలో వెళుతుంటే అరుగుల మీద వాళ్ళు ఇప్పటికీ లేచి నిలబడతారు. ఇది చదివాక ఎవరూ లేవరు. నేను మాత్రం రేపు కూడా ఆ వీధినే వెళతాను.