ఎర్ర పీలిక కట్టిన డబ్బా

ఖాజా మొహినుద్దీన్ మా కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో అటెండర్. స్టూడెంట్లం అతన్ని చాచా అనేవాళ్లం. భార్య గౌసియా బేగం పోయినంక ఇంట్లో మాట్లాడే మనిషి లేదు. బయట తనే ఎవరితోనూ మాట్లాడడు. ల్యాబు చీకటి గదిలోకొస్తే మాత్రం నోరు ఆగదు.

1983లో ఆ గదిలో జరిగే పని ఇది. బట్టల్లో వేసే డాంబర్ గోలీ లేదూ, దాని పొడి రవ్వంత ఆర్గాన్ గ్యాసులో కలిపి గాజు గొట్టంలో పట్టేవాళ్లం. ద్రవ నైట్రోజన్‌లో ముంచితే గ్యాసు గడ్డకట్టేది. దాని మీద అల్ట్రావయొలెట్ దీపం వేసి ఆర్పితే, దీపం పోయినా గొట్టం ఆకుపచ్చగా వెలుగుతూనే ఉండేది. చాచా లెక్కపెట్టేవాడు. "ఏక్, దో, తీన్..." ఏడు దాకా. ఆర్గాన్ బదులు జెనాన్ పెడితే "ఏక్" అనేలోపే ఖతం.

"గోలీ అదే బేటా. చుట్టూ ఉన్నోళ్లే మారిన్రు," అనేవాడు.

గ్యాసు డబ్బాల మీద పేర్లు చెరిగిపోయాయి. అందుకే జెనాన్‌కు ఎర్ర పీలిక, ఆర్గాన్‌కు తెల్ల పీలిక కట్టేవాడు. ఒకనాడు సైకిల్ తుడుచుకుందామని రెండూ విప్పాను. తిరిగి తారుమారుగా కట్టాను. బుద్ధిలేని పని.

మరునాడు ఈ ప్రయోగం చూడ్డానికి ఢిల్లీ నుంచి పెద్దమనుషులొచ్చారు. ల్యాబు చూసే రాజేశ్వర్ రావు సార్ దీపం ఆర్పాడు.

చాచా "ఏ..." అనేలోపే చీకటి.

"సార్, ఇది జెనాన్," అన్నాడు చాచా.

"పీలికలు కట్టేది నువ్వే కదయ్యా! కండ్లు కనపడ్తలేవా?"

చాచా డబ్బా ముడిని వేళ్లతో తడిమాడు. నావైపు చూశాడు. నేను గోడవైపు చూశాను. వారంలో అతన్ని సుబేదారిలో ఉన్న కాలేజీ ఆఫీసు గేటుకాడికి పంపారు.

నాకా గదిలో కూర్చోబుద్ధి కాలేదు. చదువు మానేసి ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు కుట్టే పనికి పోయాను. రెండేళ్లకు సుబేదారి వెళ్లాను. స్టూలు మీద కూర్చున్నాడు. వచ్చేపోయేవాళ్లలో ఒక్కరూ అతన్ని పలకరించలేదు.

"చాచా, పీలికలు మార్చింది నేనే."

"ఎరుకే. నేను రెండు ముళ్లేస్త. అది ఒక్క ముడి."

"మరి సార్‌కు చెప్పలేదేంది?"

"చెప్తే నిన్ను ఎల్లగొడ్తుండె. నేను పోతే పోయిన, లెక్కపెట్టనీకి నువ్వుంటవనుకున్న." ముందుకు వంగాడు. "ఏడు దాకా వస్తాందా ఇప్పుడు?"

"గదికి తాళమేసిన్రు చాచా. నేనూ మానేసిన."

బయట జీపు హారన్ కొట్టింది. లేచిపోయి గేటు తీశాడు. జీపు లోపలికొచ్చినా గేటు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.