నేనొక్కదాన్నే విన్న చదువు

ఒక అంకె ఐదేళ్ళుగా నా గుండెల మీద కూర్చుని ఉంది. పద్నాలుగు. క్యాలెండర్లో పద్నాలుగో తేదీ కనబడినా చూపు పక్కకు తిప్పుకుంటానంటే మీకు నవ్వు రావచ్చు. రానివ్వండి. ఆ అంకె నేనే వేశాను, నీలం సిరాతో, తెలిసే.

ఈ సంగతి మా ఆయనకు చెప్పలేదు. మా అత్తకు అసలు చెప్పలేను. ఎందుకో ముందుముందు మీకే తెలుస్తుంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పుకోవాలనిపిస్తోంది.

తప్పు చెప్పుకునేవాళ్ళు తలవంచుకుని చెప్పాలంటారు. నాకది చేతకాదు. ముందు నా గొప్ప కాస్త చెప్పుకోనివ్వండి. ఆ గొప్ప లేకపోతే ఈ తప్పే లేదు.

మాది రాచర్ల దగ్గర ఒక ఊరు. సగం ఇళ్ళకు సేద్యం, సగం ఇళ్ళకు గొర్రెలు, మేకలు. మార్కాపురంలో డిగ్రీ చదివి ఈ ఊరికి కోడలిగా వచ్చాను. కరోనా వచ్చి పిల్లల బడి మూతపడిన ఏడాదే పెద్దవాళ్ళకు చదువు చెప్పే కేంద్రం ఒకటి మా ఊరికి ఇచ్చారు. జీతం లేదు. ఒక బోర్డు, ఇరవై పలకలు, వాచకాలు, ఒక రిజిస్టరు ఇచ్చి, జాగ్రత్తలు పాటిస్తూ నడుపుకోమన్నారు. పక్క ఊళ్ళలో చాలామంది ఆ పలకలు అటక మీద పెట్టేశారు. నేను పెట్టలేదు. గొర్రెలు మేతకు పోయాక దొడ్డి ఖాళీగా ఉంటుంది కదా, దాన్ని ఊడ్పించి, మనిషికీ మనిషికీ మధ్య నాలుగడుగులు ఎడం ఉండేలా సున్నంతో గుండ్రాలు గీశాను. ఒక్కో గుండ్రంలో ఒక్కొక్కరు. నోటికి కొంగు అడ్డం. పెంట వాసనకు మేమే అలవాటుపడ్డాం, కరోనా ఆ దరిదాపులకు రాదని జోకులేసుకునేవాళ్ళం.

మొదట్లో ఇరవై ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. నా అంత నోరున్న పంతులమ్మ ఈ మండలంలో లేదని ఇప్పటికీ అంటాను. వాచకంలో మొదటి పాఠం పక్కన పెట్టేసి, గిద్దలూరు, కంభం, మార్కాపురం అని బస్సు బోర్డులతో మొదలుపెట్టాను. ఎక్కాల్సిన బస్సు ఏదో ఎవరినీ అడక్కుండా తెలిస్తే ఆడమనిషికి ఎంత ధైర్యమో నాకు తెలుసు. రెండు నెలలకు ఎనిమిదిమంది బోర్డులు చదివారు. అంత సంతోషం నేను డిగ్రీ పాసైనప్పుడు కూడా పడలేదు.

వాళ్ళందరిలో ముందుండేది అంకమ్మ. పేరు మార్చి చెబుతున్నాను, అంకమ్మ అనుకోండి. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్దది. వాళ్ళకు డెబ్భై గొర్రెలు. ఒకసారి ఇంట్లో సీసాలు తారుమారై, కడుపులో పురుగులకు పట్టే నట్టల మందు అనుకుని వేరే మందు తాగిస్తే ఒకే రోజు ఆరు గొర్రెపిల్లలు చచ్చిపోయాయట. సీసా మీద అక్షరాలు ఉన్నాయి, వాళ్ళకు రావు. ఆ కసితో వచ్చింది చదువుకు. అంకమ్మ పలక పట్టుకుంటే గొర్రె కాలు పట్టుకున్నట్టే గట్టిగా పట్టుకునేది. సంతోషంగా ఉంటే నన్ను 'చెల్లే' అనేది, కోపమొస్తే 'పంతులమ్మా' అనేది. నేను 'అక్కా' అనేదాన్ని. ఐదు నెలల్లో వాచకం మొత్తం చదివేసి, ఇంట్లో వేరుశనక్కాయలు కట్టి తెచ్చిన పాత పేపర్లు చదవడం మొదలుపెట్టింది. పైనుంచి ఎవరైనా కేంద్రం చూడటానికి వస్తే నేను ముందు అంకమ్మనే లేపేదాన్ని. వాళ్ళు ఆశ్చర్యపోయి నావైపు చూసేవాళ్ళు. ఆ చూపు నాకు ఎంత ఇష్టమో మీకు దాచను.

పరీక్ష మామూలుగా అయితే బడిలో పెడతారు, బయటి ఊరి టీచరు వస్తారు. చదవడానికి యాభై, రాయడానికి యాభై, లెక్కలకు యాభై. ఒక్కోదాంట్లో పదిహేడు వస్తే గట్టెక్కినట్టు. ఆ ఏడాది జబ్బు భయంతో బయటివాళ్ళను పంపలేదు. ఎవరి కేంద్రంలో వాళ్ళే పెట్టుకుని కాగితాలు కట్టగట్టి ఇవ్వమన్నారు. రాసింది కాగితం మీద ఉంటుంది. లెక్కలూ కాగితం మీదే ఉంటాయి. చదివింది మాత్రం ఎక్కడా ఉండదు. ఒక్కొక్కరినే పిలిచి, దూరంగా కూర్చోబెట్టి, కాగితం ఇచ్చి చదివించాలి. విన్నది నేనొక్కదాన్నే. మార్కు వేసేదీ నేనే.

చదవడానికి ఇచ్చింది వాన నీళ్ళను నిలవ చేసుకోవడం గురించి. పదకొండు వాక్యాలు. అంకమ్మ చదివి కాగితం మడిచి ఇస్తూ, "ఇది రాసినోళ్ళు మా ఊరు చూడలేదు చెల్లే. ముందు వాన పడనీ, నిలవ సంగతి ఆనక చూస్తాం" అంది. నేను పగలబడి నవ్వాను. చదవడం కాదు, చదివినదానితో జగడమాడటం కూడా వచ్చేసింది ఆమెకు. ఇంకేం కావాలి నాకు?

ఇంకా కావలసి వచ్చింది. అదే చెప్పాలి.

పరీక్ష రోజే పైనుంచి ఫోన్ వచ్చింది. తర్వాతి విడతకు చదువు రాని వాళ్ళు కనీసం పదిమంది పట్టికలో ఉండాలి, లేకపోతే మీ కేంద్రం తీసేసి పక్క ఊళ్ళో కలుపుతాం అన్నారు. ఇరవై ఇద్దరిలో కొందరు గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోయారు. ఇద్దరు జబ్బు భయంతో మానేశారు. ఒక పెద్దమ్మ ఆ జబ్బుతోనే పోయింది. మిగిలినవాళ్ళలో బాగా చదివినవాళ్ళు పాస్. వెనకబడినవాళ్ళను లెక్కపెట్టాను. తొమ్మిదిమంది. మళ్ళీ లెక్కపెట్టాను. తొమ్మిదిమందే. ఆ తొమ్మిదిమందిలో మా అత్త ఒకరు. అప్పటికి సగం అక్షరాలే వచ్చాయి ఆమెకు. కేంద్రం పక్క ఊరికి పోతే ఆ మోకాళ్ళ నొప్పులతో ఆమె నడిచి పోయేది కాదు. చదువు అంతటితో సరి.

పట్టికలో ఒక్క పేరు తక్కువ, జబ్బు భయంతో కొత్తవాళ్ళెవరూ వచ్చేలా లేరు. ఎవరో ఒకరిని ఆపాలి. ఎవరిని ఆపినా అన్యాయమే, కానీ అంకమ్మనే ఎందుకు ఆపాను? మిగతావాళ్ళను ఆపితే అలిగి మానేస్తారు. అంకమ్మ మాత్రం మానదు, పంతం పట్టి మళ్ళీ వస్తుంది. ఆ నమ్మకం మీదే వేశాను. ఆమె పట్టుదలను నేను అట్ల వాడుకున్నాను.

ఇది కూడా పూర్తి నిజం కాదు. తొమ్మిదిమంది కోసం చేశాననుకున్నాను చాలాకాలం. అత్త కోసం అనుకున్నాను. అవీ ఉన్నాయి, లేవనను. కానీ అంకమ్మ పాసై వెళ్ళిపోతే, రేపు ఎవరైనా చూడటానికి వస్తే ఎవరిని లేపను? ఈ ప్రశ్న ఆ రోజు నా మనసులోకి వచ్చింది. వచ్చి పోలేదు, కూర్చుంది. చదవడం దగ్గర యాభైకి పద్నాలుగు వేశాను. మిగతా రెండూ ఉన్నవి ఉన్నట్టు వేశాను. చాలా తెలివిగా చేశానని కూడా అనుకున్నాను.

ఇంకో సంగతి. ఇది చెప్పకపోతే చెప్పినట్టు కాదు. పంచాయతీ ఎన్నికలు దగ్గరపడుతున్నాయి అప్పుడు. వాళ్ళ వార్డు ఆడవాళ్ళకు వచ్చింది. వాళ్ళ వీధివాళ్ళు అంకమ్మను నిలబడమని అడిగారు. ఆమె పెట్టిన షరతు ఒక్కటే. పరీక్ష పాసైతే నిలబడతా, చూపించిన చోట సంతకం పెట్టే మెంబరుగా మాత్రం నేనుండను అంది. ఆ మాట నాకు తెలుసా? తెలుసు. నాతోనే చెప్పింది. మార్కు వేసేటప్పుడు అది గుర్తుందా? ఉంది. పాసు కాకపోయినా ఎట్లాగూ నిలబడుతుందిలే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అంకమ్మ మాట మీద నిలబడే మనిషని ఊరందరికంటే నాకే బాగా తెలుసు, అయినా సర్దిచెప్పుకున్నాను.

పట్టిక గోడకు అంటించిన రోజు ఆమె మా ఇంటికి వచ్చింది. గడప దాటలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వాకిట్లో నిలబడింది.

"ఏంది చెల్లే, పాసైనోళ్ళలో నా పేరు లేదే?"

"చదివే కాడ మార్కులు తగ్గినాయి అక్కా."

"చదివినా గదా. నువ్వు వింటివి గదా."

"విన్నా. అక్కడక్కడ తడబడినావు. నోటికి గుడ్డ అడ్డం గదా, కొన్ని మాటలు సరిగా రాలేదు."

"యాడ తడబడినా?"

దానికి జవాబు నేను ముందే సిద్ధం చేసుకోలేదు. నోటికొచ్చింది అన్నాను.

"ఒత్తుల కాడ."

"ఒత్తుల కాడనా?" అని నేలవైపు చూసింది. కొంగు వెనక పెదాలు కదులుతున్నాయి. ఆ పదకొండు వాక్యాలూ మళ్ళీ మనసులో చదువుకుంటోందని నాకు అర్థమైంది. తప్పు ఎక్కడ జరిగిందో వెతుక్కుంటోంది. దొరక్కపోయినా వెతుకుతోంది. ఆ క్షణాన ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు.

"సరేలే. మళ్ళీ నేర్చుకుంటా. నువ్వు అబద్ధం చెప్తావా ఏంది" అని వెళ్ళిపోయింది.

నేను అనుకున్నట్టే జరిగింది. కేంద్రం నిలిచింది. అంకమ్మ మరుసటి వారమే పలక పట్టుకుని వచ్చింది. నామినేషన్లకు మాత్రం పోలేదు. ఎంతమంది బతిమాలినా, పరీక్ష తప్పినదాన్ని, నాకెందుకు అంది. వేరే ఆవిడ మెంబరు అయింది, మీటింగులకు ఆవిడ భర్త పోతాడు. ఆ తొమ్మిదిమందిలో ఆరుగురు తర్వాతి విడతలో చదువు నేర్చుకున్నారు. మా అత్త ఇప్పుడు తన పింఛను పుస్తకం తనే చదువుకుంటుంది, మాత్రల మీద తేదీ చూసి మరీ వేసుకుంటుంది. ఆమె అట్ల చదువుతుంటే నాకు ఛాతీ ఉప్పొంగుతుంది. అబద్ధం ఎందుకు, ఈరోజుకీ ఉప్పొంగుతుంది. ఆ వెంటనే పద్నాలుగు గుర్తొస్తుంది.

అంకమ్మ రెండోసారి మంచి మార్కులతో పాసైంది. అప్పటికి జరగాల్సింది జరిగిపోయింది. గడగడా చదివే మనిషి, ఒత్తు ఉన్న మాట వచ్చేసరికి ఆగి నా మొహం చూసేది. సరైనదేనా అన్నట్టు చూసేది. సరైనదే అక్కా అనేదాన్ని. నమ్మేది కాదు. నేను మొదట చెప్పింది నమ్మింది, తర్వాత చెప్పింది నమ్మలేదు. పాస్ కాగితం చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూసి, "ఈసారి అందరికీ మార్కులు వేసినారంట గదా మేడమ్" అంది. మేడమ్. చెల్లే కాదు, పంతులమ్మా కాదు. కోపంతో అన్నది కాదది, మర్యాదగానే అంది. మా ఊళ్ళో వరస పెట్టి పిలవని మనిషి ఉండదు. కరెంటు బిల్లుకు వచ్చే అబ్బాయిని కూడా అల్లుడా అంటారు. నన్ను మాత్రం అంకమ్మ ఆనాటి నుంచి మేడమ్ అనే అంటుంది.

ఈమధ్య మళ్ళీ పంచాయతీ ఎన్నికల మాట వినబడుతోంది. మొన్న నేను వాళ్ళ ఇంటి దగ్గరున్నప్పుడే వీధివాళ్ళు నలుగురు వచ్చి ఈసారైనా నిలబడమని అడిగారు. అంకమ్మ అరుగు మీద కూర్చుని గొర్రెల మందు సీసా మీది కాగితం చదువుతోంది. చదువుతూనే, తల ఎత్తకుండా, "నాకు అంత చదువు యాడిది నాయనా, అప్పుడే పరీక్షలో తేలిపాయ" అంది. వాళ్ళు వెళ్ళిపోయారు. నేను లేచి నిలబడ్డాను. అక్కా అన్నాను. ఏంది మేడమ్ అంది. చెప్పాలనే లేచాను. మంచినీళ్ళు తాగుతారా అని అడిగింది. తాగి వచ్చేశాను.

ఎందుకు చెప్పలేకపోయాను? భయమా? ఆమె నన్ను తిడితే పడతాను. ఊరందరిలో పరువు పోతే అదీ భరిస్తాననే అనుకుంటున్నాను. నాకు భయం వేరే ఉంది. నా చేత్తో ఇంతమందికి చదువొచ్చిందని చెప్పుకుని తిరిగే నేను, బాగా చదివే ఒక్క మనిషికి చదువు రాదని నమ్మించాను. ఆ రెండో మాట ఆమె ముందు అనగలిగితే మొదటి మాట ఇక నాకు మిగులుతుందా? మిగలకపోయినా సరే అనుకునే రోజు కోసం చూస్తున్నాను. నామినేషన్లకు ముందే రావాలి ఆ రోజు. వస్తుందని మీకు మాట ఇవ్వలేను.

ఎవరూ నన్ను క్షమించనక్కర్లేదు. మీరు కూడా. కానీ అక్కడ వేరే సాక్షి లేరు. విన్నది నేనొక్కదాన్నే కాబట్టి చెప్పాల్సింది నేనే. అంకమ్మ ఆ రోజు పదకొండు వాక్యాలూ చదివింది. మొదటి మాట నుంచి చివరి మాట దాకా, నోటికి కొంగు అడ్డం ఉన్నా ప్రతి అక్షరం నాకు స్పష్టంగా వినబడేలా, ఒత్తులతో సహా, ఎక్కడా ఆగకుండా చదివింది. యాభైకి యాభై.