దేవమణి నమ్మని నడక

మా మరదలు దేవమణి ఎవరేం చెప్పినా ముందు "అబద్ధం" అంటుంది. తరవాతే కుర్చీ చూసుకుని కూర్చుంటుంది.

చిన్నప్పుడు నాగావళిలో బాప్టిజం ఇచ్చారు. పాస్టరుగారు నీళ్ళలో ముంచి లేపి, "నీ పాపాలన్నీ పోయాయమ్మా" అన్నారు. ముక్కులోంచి నీళ్ళు కారుతుండగానే "అబద్ధం. రుజువేది?" అంది. ఆయన కంగారుపడి మళ్ళీ ముంచేశారు. నేను ఒడ్డునే ఉన్నాను. నమ్మకపోతే మీ ఇష్టం.

అలాంటి మనిషి చరిత్రకి కాక ఇంకెందుకు పనికొస్తుంది? మా వైపు ఆడవాళ్ళలో చరిత్రలో డాక్టరేటు తెచ్చుకున్నది ఈవిడే మొదలు. పెద్ద పెద్ద ప్రొఫెసర్లు రాజుల కోటలు కొలుస్తుంటే, ఈవిడ సంచిలో టేపురికార్డరు వేసుకుని పల్లెలు తిరిగింది. పొట్టకూటికి రంగం, అంటే రంగూన్, వలసపోయి, రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడ్డాక కొండలూ అడవులూ దాటి నడిచొచ్చిన కూలీల చరిత్ర రాసింది. "కూలోళ్ళకి చరిత్రేమిటి?" అని ఒకాయన నవ్వాడట. ఏమందో చెప్పక్కర్లేదు.

భర్త సత్యరాజు పోయాడని డాక్టరు చెప్పినప్పుడూ అదే మాట అంది. ఆ ఒక్కసారే రుజువు అడగలేదు.

మొన్న నరసన్నపేట దగ్గర పల్లెలో, దేవమణి ఎప్పట్నుంచో ఎరిగిన తవిటమ్మ మంచం పట్టిందని తెలిసి ఇద్దరం వెళ్ళాం. తొంభై దాటిన మనిషి. కొడుకు అప్పలసూరి పోయిన దగ్గర్నుంచి గోడవైపు తిరిగి పడుకుంది. తిండి లేదు, మాట లేదు. కోడలు ఈశ్వరి గంజిగిన్నె పట్టుకుని ఏడుస్తోంది. ఒక చుట్టం అప్పుడే షామియానా వాడి నంబరు వెతుకుతున్నాడు.

దేవమణి మంచం పక్కన కూర్చుంది. ఓదారుస్తుందనుకున్నాను.

"తవిటమ్మా, రంగం నుంచి నడిచొచ్చానంటావు. అబద్ధం. ఓడెక్కి వచ్చేసావటగా?"

నేను చెప్పులు వెతుక్కున్నాను.

గోడవైపున్న తల మెల్లగా ఇటు తిరిగింది.

"ఏటీ? ఓడా? నీ నోట్లో మన్నెట్ట! మాయమ్మ కొండల్లో సచ్చిపోతే, తమ్ముణ్ణి సంకనెట్టుకుని నడిసొచ్చినాను!"

"ఏడేళ్ళ పిల్లవి. పిల్లాణ్ణెత్తుకుని కొండలెక్కావా? రుజువేది?"

"రుజువా! లేవనియ్యి, నీ బుర్ర మీద సూపిస్తాను! ఒసే ఈశ్వరీ, ఏటలా సూస్తావు? ఆ గంజిలా తే. దీంతోటి దెబ్బలాడాలంటే ఒంట్లో సత్తువుండాల!"

గుక్క గంజి, ఒక కొండ. గుక్క గంజి, ఒక తిట్టు. తమ్ముడు దారిలోనే పోయిన చోటు దగ్గర ఆగింది. అప్పుడు కొడుకు పేరెత్తి మొదటిసారి ఏడ్చింది. దేవమణి ఆ చెయ్యి పట్టుకుని కూర్చుంది.

వాకిట్లోకి వచ్చాక నిలదీశాను.

"నీ పుస్తకం మొదలయ్యేదే ఆవిడ నడకతో గదా! నువ్వే రాసి నువ్వే కాదంటావేటి?"

"ఇన్నాళ్ళూ అందరూ బతిమాలేరు గదా బావా. తిందా?"

లోపల్నుంచి కేక వినబడింది.

"ఒసే దేవమణీ, రేపు పొద్దున్నే రాయే, మిగతాది సెప్తాను! ఈశ్వరీ, రేపు గంజీ గింజీ కాదు, సేపల పులుసెట్టు. ఇది మా మొండిది!"