బొమ్మలో నేను కుర్చీ మీద

కాలేజీలో చరిత్ర చదివినందుకు నాకు మిగిలినవి ఒక లావుపాటి పుస్తకం, ఎవరితోనైనా వాదించే నోరు. ఆ పుస్తకం నిండా యూరప్ వాళ్ళు ఎప్పుడో రాగిరేకుల మీద చెక్కి అచ్చేసిన బొమ్మలు: ఓడ దిగుతున్న దొరలు, వాళ్ళను తొలిసారి చూస్తున్న అక్కడి జనం. డెబ్బైల్లో మా ఆయనకు ఒమన్‌లోని నిజ్వాలో రోడ్ల కంపెనీ ఉద్యోగం వస్తే, పచ్చడి జాడీలతో పాటు దాన్నీ మోసుకెళ్ళాను.

అక్కడ నా పాఠాలకు దొరికిన మనిషి ఒక్కరే, పక్కింటి పెద్దావిడ. ఉర్దూలో పిన్ని అన్నట్టు ఖాలా అనేదాన్ని. కొన్నాళ్ళు కరాచీలో ఉండి వచ్చింది కాబట్టి ఉర్దూ మాట్లాడేది. మా ఇంట్లో నీళ్ళు లేవు. రోజూ సాయంత్రం రెండు బకెట్లతో ఆవిడ ఇంట్లోని బావికి వెళ్ళాల్సిందే.

"చూడు ఖాలా, ఇది చెక్కినవాడు సముద్రం దాటనే లేదు. తిరిగొచ్చినవాళ్ళు కోసిన కోతలు విని ఇంట్లో కూర్చుని చెక్కాడు. అందుకే దొర నిటారుగా ఉంటాడు, ఊరివాళ్ళు వంగి కానుకలిస్తుంటారు."

"సరే వకీల్ సాబ్" అనేది ఖాలా, ఖర్జూరం గింజ ఊసి.

ఒకసారి సెలవుకు వరంగల్ వెళ్ళాను. చుట్టాలు చుట్టూ చేరి అడిగితే ఈ నోరు ఊరుకుంటుందా? ఒమన్ గురించి కొంత చెప్పాను. కొంత కాదు, చాలానే చెప్పాను. నేను తిరిగొచ్చాక, మా ఆయన సైట్‌లో కొత్తగా చేరిన మా ఊరతని చేత చెల్లెలు ఒక కాగితపు చుట్ట పంపింది. ఫొటో అనుకుని, మా ఇంటికొచ్చిన ఖాలా ముందే విప్పాను.

చెల్లెలు గీసిన రంగుల బొమ్మ. మధ్యలో నేను, పట్టుచీరలో, కుర్చీ మీద. చుట్టూ అరబ్బు ఆడవాళ్ళు, ముఖాలు మాత్రం అచ్చంగా మా మేనత్తలవి. వెనక తాటిచెట్లు. ఒంటె కూడా ఉంది, మూపురం వాచిన ఆవులాగా. అందరికన్నా ముందున్నావిడ వంగి నా పాదాల దగ్గర నీళ్ళకుండ పెడుతోంది.

ఖాలా చాలాసేపు చూసింది.

"ఈ కుండావిడ నేనేనా?"

"మా చెల్లెలు గీసింది ఖాలా. దానికేం తెలుసు? సముద్రం దాటిందా పెట్టిందా?"

"దాటినవాళ్ళెవరో చెప్పి ఉంటారు" అని ముసుగు సర్దుకుని వెళ్ళిపోయింది.

డ్యూటీ నుంచి వచ్చి బొమ్మ చూసి మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. "గీ కుర్చీ ఏడిదే? మనింట్ల ఉన్నది చాపనే గదా! రేపు ఖాలా తలుపు తియ్యకుంటే గీ బొమ్మల నీళ్ళే తాగుదాం."

నేను బొమ్మ చుట్టి పచ్చడి జాడీల వెనక పెట్టాను.

మర్నాడు బకెట్లు పట్టుకుని బయల్దేరాను. బొమ్మ నేను గీయలేదన్నది ఒక వాదన. అది దాస్యం కాదు, మీ జాతి ఆతిథ్యం అన్నది ఇంకో వాదన. రెండోది తలుచుకుంటే నాకే గర్వంగా ఉంది. తలుపు తట్టాను. తీయలేదు. మళ్ళీ తట్టాను.

"ఎవరు?"

"నేనే ఖాలా."

"కుర్చీ దిగి ఎందుకొచ్చావమ్మా? కుండ నేనే తెస్తాగా, వంగి వంగి!"

లోపల ఆవిడ కోడళ్ళ నవ్వులు. తెచ్చిన రెండు వాదనలూ పక్కన పెట్టేశాను.

"గొప్పలు చెప్పాను ఖాలా. రోజూ నేనే వచ్చి నీళ్ళడుగుతున్నానని చెప్పుకోడానికి నామోషీ వేసింది."

గడియ తీసిన చప్పుడు. ఖాలా తలుపు సగం తెరిచి, నన్నూ బకెట్లనూ ఎగాదిగా చూసింది.

"అట్లాగే నిలబడు, కదలకు" అని లోపలికి కేకేసింది. "రండే, అసలు బొమ్మ చూద్దురుగాని!"

కోడళ్ళు వచ్చి తీరిగ్గా చూశారు. ఒకమ్మాయి నా జారిపోయిన కొప్పు చూపించి అరబ్బీలో ఏదో అంది. అందరూ విరగబడి నవ్వారు. ఆ భాష రాదు కాబట్టి వాదించే దారి కూడా లేదు. వాళ్ళ సరదా తీరాక ఖాలా పక్కకు జరిగి నన్ను లోపలికి రానిచ్చింది. చేద బావిలోకి తనే వదిలింది. నీళ్ళు మాత్రం నా చేతే తోడించింది.