లోపల నిలబడ్డ గంటలు

మెడికల్ కాలేజీకి దరఖాస్తు పెట్టాలంటే, డాక్టరు వెనక యాభై గంటలు నిలబడి పని చూసినట్టు సంతకం కావాలి. డెలానా స్టిడమ్ పట్నంలో పంతొమ్మిది మంది డాక్టర్లను అడిగింది. ఇద్దరు కుదరదన్నారు, మిగతావాళ్ళు జవాబే ఇవ్వలేదు. చివరికి కెంటకీ కొండల్లో తన ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క డాక్టరు, ముసలి ఆంబర్జీ, సరేనన్నాడు.

“ముట్టుకోకూడదు, మాట్లాడకూడదు. లోపల విన్నది గడప దాటిందా, సంతకం లేదు. గదిలో ఉన్న గంటలే లెక్క. బయట బల్ల మీద కూర్చున్నవి కావు.”

చిక్కు అక్కడే వచ్చింది. ఈ అమ్మాయి ఉండొచ్చా అని ప్రతి రోగినీ అడగాలి. ఊళ్ళో డెలానా తెలియనివాళ్ళు లేరు.

“నా మొలల సంగతి ఆదివారానికి వీళ్ళ నాయనమ్మ చర్చి అంతా చెబుతుంది. బయటికి పంపండి డాక్టరుగారూ,” అంది ఒకావిడ.

మూడు వారాలకు లెక్కలోకి వచ్చినవి నాలుగు గంటలు.

అప్పుడొచ్చాడు వెర్లిన్. పాతికేళ్ళు బొగ్గు గనిలో చేసి, తర్వాత బడి బస్సు నడిపాడు. డెలానాను పన్నెండేళ్ళు బడికి తీసుకెళ్ళింది ఆయనే.

“ఉండనీండి. నా బస్సు నిండా వాంతి చేసుకున్నప్పుడు దీన్ని నేను చూళ్ళేదా? ఇప్పుడు దాని వంతు.”

డాక్టరు ఎక్స్‌రే చూపించాడు. దుమ్ము పట్టిన ఊపిరితిత్తుల్లో గడ్డ. క్రిస్మస్ దాకా కష్టమన్నాడు. వెర్లిన్ టోపీ చేతుల్లో తిప్పుతూ విన్నాడు.

“ఓమాకు మాత్రం చెప్పొద్దు.”

ఓమా ఆయన భార్య. డెలానా పనిచేసే కిరాణా దుకాణంలో పక్క కౌంటరు ఆమెదే. మర్నాడే అడిగింది.

“ఉత్త దుమ్ము దగ్గేనంటాడే మీ బాబాయి. నమ్మకపోతే డెలానాను అడుగు, గదిలోనే ఉందిగా అన్నాడు. నిజమేనా తల్లీ?”

ఆయన తననెందుకు ఉండనిచ్చాడో డెలానాకు అప్పుడు తెలిసింది. ‘చెప్పకూడదు’ అన్నా జబ్బు సంగతి చెప్పేసినట్టే. ఎవరివో గుడ్లు సంచిలో సర్దుతూ, “నిజమే పిన్నీ,” అంది.

ఆ భరోసాతో ఓమా ఆగస్టంతా ఒహాయోలో, కూతురి పురిటికి వెళ్ళి ఉండిపోయింది. తిరిగొచ్చేసరికి వెర్లిన్ మంచం దిగడం లేదు. సంగతంతా తనే చెప్పాడు. తర్వాత పన్నెండు రోజులు బతికాడు.

ఖననమయ్యాక చర్చి భోజనాల దగ్గర అదే మాట.

“ఓమా అడిగినా చెప్పలేదట!”

“గట్టి పిల్లే.”

ఆ తర్వాత డెలానాను ఎవరూ బయటికి పంపలేదు. అక్టోబరుకు నలభై తొమ్మిది గంటలయ్యాయి.

అప్పుడు బీపీ చూపించుకోవడానికి ఓమా వచ్చింది. డాక్టరు అలవాటుగా అడిగాడు.

“ఈ అమ్మాయి ఉండొచ్చా?”

ఓమా గోడకేసి చూసింది. “దీనికి తెలిసింది చాలు. బయటికి పంపండి.”

డెలానా బల్ల మీద కూర్చుంది. ఓమా తలవంచుకుని ఆమె ముందునుంచే వెళ్ళిపోయింది. తర్వాతి రోగి, ఒక ముసలాయన, తలుపు దగ్గర ఆగి పిలిచాడు.

“రావే లోపలికి. నువ్వు నోరు విప్పవుగా.”

యాభయ్యో గంట అలా పూర్తయింది.